డెక్ మూసే ముందు దీపం వెలిగించు

అల్లుడూ,

నమూనా స్టీమర్ కట్టే చెక్క కిట్ పెట్టె విప్పి బల్ల మీద పరిచిన ఫోటో చూశాను. రెండు పక్కలా తెడ్ల చక్రాలు, మూడు డెక్‌లు, రెండు పొగగొట్టాలు, పైగా దీపాలు. మొదటి పడవకే పెద్ద పని నెత్తికెత్తుకున్నావు. ఫర్వాలేదు, చేస్తావు. కానీ దీపాల పని కిట్‌తో వచ్చిన పుస్తకంలో చివరి పేజీల్లో ఉందన్నావు చూడు, అక్కడ మాత్రం పుస్తకం మాట వినకు. ఆ పేజీలు ఇవాళే చదువు. ఏ వైరు ఏ గోడ వెనక నుంచి ఏ డెక్ కిందికి దిగాలో కాగితం మీద గీసుకున్నాకే చెక్క మీద బ్లేడు పెట్టు.

ఎందుకంటే, నా మొదటి స్టీమర్‌కి డెక్ అతికించి, రెయిలింగ్ కూడా నిలబెట్టాక స్విచ్ వేశాను. ఎడమవైపు మూడో కిటికీ వెలగలేదు. టంకం చల్లారేలోపు వైరు కదిలినట్టుంది. డెక్ విప్పితే రెయిలింగ్ పోతుంది, విప్పకపోతే కిటికీ పోతుంది. రెండు రోజులు దాని చుట్టూ తిరిగి, చివరికి అలాగే వదిలేశాను. ఇంటికొచ్చినవాళ్లెవరికీ అది కనపడదు. నాకు మాత్రం ఆ పడవలో అదొక్కటే కనపడుతుంది. కాబట్టి ప్రతి దీపాన్నీ మూడుసార్లు వెలిగించు: వైరు అతికించకముందు, అతికించాక, డెక్ మూసే ముందు రోజు రాత్రంతా.

పడవ డొక్క, అంటే అడుగు భాగం, గురించి పెద్దగా చెప్పను. అడ్డు చట్రాలు వెన్ను పలకకి సరిగ్గా నిటారుగా నిలబడాలి, అంతే. పలకలు వేసేటప్పుడు ఎడమ ఒకటి, కుడి ఒకటి వేస్తూ పో. ఒకే వైపు నాలుగు వేశావంటే వెన్ను వంకర తిరుగుతుంది, తర్వాత ఏం చేసినా సరికాదు. వంపు దగ్గర పలకని వేడి నీళ్లలో నానబెట్టు. ఉప్పుకాగితం పట్టేటప్పుడు మాత్రం తొందరపడకు.

చక్రాల దగ్గర మనవాళ్లు అనవసరంగా టెన్షన్ పడతారు. కాగితం మీద చక్రం బొమ్మ గీసి, పలకకి అతికించి, ఆకుల కొసల దగ్గర గుండుసూదులు గుచ్చి, ఆ సూదుల మధ్య చక్రాన్ని కట్టు. ఆరాక ఇరుసుకి గుచ్చి, అంచు పక్కనే ఒక పెన్సిల్ కదలకుండా నిలబెట్టి, చక్రాన్ని మెల్లగా తిప్పు. పెన్సిల్‌కి ఎక్కడ తగులుతుందో అక్కడ వంకర ఉన్నట్టు. పై సగాన్ని ఎలాగూ చక్రం మీద ఉండే పెట్టె కప్పేస్తుంది కాబట్టి నీ ఓపికంతా కింది సగం మీద పెట్టు.

ఇక కరెంటు. 9 వోల్టుల చదరపు బ్యాటరీ వద్దు, 20 దీపాలకి ఒక సాయంత్రం కూడా గట్టిగా రాదు. మామూలు 5 వోల్టుల ఫోన్ చార్జర్ చాలు. తెల్ల ఎల్‌ఈడీ సుమారు 3 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన 2 వోల్టుల్ని రెసిస్టర్, అంటే కరెంటుని అదుపు చేసే చిన్న ముక్క, ఆపాలి. 470 ఓమ్‌లది పెడితే 4 మిల్లీఆంపియర్లు పారుతుంది. అంత చిన్న కిటికీకి అదే ఎక్కువ. ప్రతి ఎల్‌ఈడీకీ దాని రెసిస్టర్ దానికే ఉండాలి. నాలుగింటికి కలిపి ఒకటి పెడితే ఒకటి మండిపోతూ, ఇంకొకటి నీరసంగా కనపడుతుంది. పవర్ బ్యాంక్ పెడదామని కూడా చూడకు, ఇంత తక్కువ కరెంటుకి కొన్ని వాటంతటవే ఆగిపోతాయి.

టంకం పెట్టేటప్పుడు ఎల్‌ఈడీని రెండు వేపుల టేపు మీద బోర్లా అతికించు. 0603 అనే చిన్న సైజుదైతే పొడవు 1.6 మిల్లీమీటర్లే, తుమ్మితే పోతుంది. సన్న రాగి వైరు కొసన వార్నిష్‌ని బ్లేడుతో గీకి, ముందు వైరుకి కొంచెం టంకం పట్టించి, తర్వాత ఎల్‌ఈడీకి ఆనించు. ఒక సెకను, అంతే. సోల్డరింగ్ ఐరన్ తీశాక ఊపిరి బిగబట్టి రెండు సెకన్లు చెయ్యి కదపకు. నా మూడో కిటికీ పోయింది అక్కడే.

దీపాల రంగు వెచ్చగా ఉండాలి. 1870లో అమెరికాలో మిసిసిపీ నది మీద న్యూ ఆర్లియన్స్ నుంచి సెయింట్ లూయిస్‌కి రాబర్ట్ ఇ. లీ, నాచెజ్ స్టీమర్లు పందెం వేసుకున్నాయే, అప్పటికి ఎడిసన్ బల్బు ఇంకా రాలేదు. పడవల్లో అన్నీ నూనె దీపాలే. నీ పడవ అలాంటిదే కదా, ట్యూబ్‌లైట్ తెలుపు పెట్టావంటే ఆసుపత్రిలా ఉంటుంది. పడవ పక్కలు తెలిపే రంగు దీపాలు మాత్రం, ముందు నుంచి ఎదురుగా చూస్తే ఎడమ పొగగొట్టం దగ్గర ఆకుపచ్చ, కుడి దగ్గర ఎరుపు కనపడాలి. పడవలో నిలబడి ముందుకి చూసేవాడికి ఎరుపు ఎడమ చేతి వైపు ఉంటుంది. ఇది తిరగేసినవాళ్లని చాలామందిని చూశాను. బాయిలర్ల కొలిమి తలుపులు పడవ ముందు వైపుకి ఉంటాయి, అక్కడ మినుకుమినుకుమనే నారింజ ఎల్‌ఈడీ ఒకటి పెట్టు. పైలట్ గదిలో మాత్రం దీపం వద్దు. పుస్తకం పెట్టమన్నా సరే. రాత్రి నది కనపడాలంటే పైలట్ చీకట్లోనే నిలబడాలి, గదిలో వెలుగుంటే అద్దంలో తన మొహమే కనపడుతుంది.

క్యాబిన్ గోడల లోపలి వైపు నల్ల రంగు వేసి, దాని మీద తెలుపు వెయ్యి. లేకపోతే పలచని చెక్కలోంచి వెలుగు బయటికొచ్చి పడవంతా లాంతరైపోతుంది. కిటికీ అద్దాలకి సూపర్ గ్లూ తగలనివ్వకు, దాని ఆవిరికి అద్దం పాలలా తెల్లబడుతుంది. అక్కడ తెల్ల జిగురు వాడు. పొగగొట్టం ఇత్తడి గొట్టమైతే అంచుని లోపలా బయటా నున్నగా రుద్దాకే వైరు దించు, లేకపోతే వార్నిష్ కోసుకుపోయి షార్ట్ అవుతుంది.

మొదటి డెక్ మూసే ముందు గదిలో లైటార్పి, పడవ దీపాలు వేసి ఫోటో తీసి పంపు. నేను చూసి సరే అన్నాకే జిగురు ముట్టుకో.

మామయ్య