రెండేళ్లు కదలని చేతక్: ముందు ప్లగ్, తర్వాత జెట్

నమస్కారమండీ. నాన్నగారి టూ స్ట్రోక్ బజాజ్ చేతక్ రెండేళ్లు షెడ్డులో ఉండిపోయి, ఇప్పుడు ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కావడం లేదని రాశారు. ముందు స్పార్క్ ప్లగ్ (ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించేది) విప్పి, దాని వైరు క్యాప్ మళ్లీ తగిలించి, ఇంజన్ లోహానికి ఆనించి, పెట్రోలు వాసన లేనప్పుడు కిక్ కొట్టండి. నీలి నిప్పురవ్వ బలంగా కనిపిస్తే కరెంటు వైపు పెద్ద లోపం లేనట్టే. నా అనుమానమంతా పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ మీదే. పెట్రోలు ఆవిరైపోగా, అందులో కలిపిన ఆయిల్ మిగిలి జిగురై, కార్బురేటర్‌లో పెట్రోలును కొలతగా వదిలే జెట్ అనే చిన్న ముక్కలోని సన్నని రంధ్రాన్ని మూసేస్తుంది. జెట్‌ను విప్పి వెలుతురుకెదురుగా పట్టుకున్నప్పుడు రంధ్రం గుండ్రంగా కనిపించకపోతే, కొత్త పెట్రోలులో నానబెట్టి గాలి కొట్టించండి గానీ, సూదితో మాత్రం పొడవకండి (ఆ తప్పు నేను చేశాను, రంధ్రం పెద్దదై కొత్త జెట్ కొనాల్సి వచ్చింది). ట్యాంకులోని పాత పెట్రోలంతా తీసేసి, లీటరుకు 20 మి.లీ. టూ టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ల ఆయిల్) కలిపిన తాజా పెట్రోలు పోయండి. అప్పటికీ ప్లగ్ పెట్రోలుతో తడిసిపోతుంటే, పెట్రోలు కాక్ (ట్యాంకు నుంచి పెట్రోలు వదిలే కుళాయి) మూసి, ప్లగ్ లేకుండా పది కిక్కులు కొట్టి, ప్లగ్ ఆరాక బిగించండి.