పిల్లలతో ఎక్స్ఛేంజ్ ట్రిప్‌కి తోడు టీచర్‌గా వెళ్ళమంటే ఒప్పుకోవచ్చా?

మీ స్కూల్ నుంచి 14 మంది హైస్కూల్ పిల్లలు 10 రోజుల ఎక్స్ఛేంజ్ ట్రిప్‌కి యూరప్ వెళ్తున్నారు, వాళ్ళకి తోడుగా మిమ్మల్ని వెళ్ళమంటున్నారు, స్టాఫ్‌రూమ్‌లో అందరూ "చేతి డబ్బు ఖర్చవకుండా ఫారిన్ చూసొస్తారు" అంటున్నారు. నిజంగా అలా ఉంటుందా, ఒప్పుకోవచ్చా అని అడిగారు.

నేను రెండుసార్లు వెళ్ళాను. చూసింది తక్కువే. మేమున్న ఊళ్ళో ఒక పాత చర్చి ఉంది, చూడ్డానికి ఎక్కడెక్కణ్నుంచో వస్తారట. దాని ముందు మూడుసార్లు నిలబడ్డాను. మూడుసార్లూ దానికి వీపు తిప్పి పిల్లల్ని లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

ఆ లెక్క సంగతే ముందు చెప్తాను. మొదటిసారి ఒక్కొక్కరికీ ఒక నంబర్ ఇచ్చాను. నేను "లెక్క" అనగానే 1 నుంచి 14 దాకా వరసగా పలకాలి. రెండు ఎయిర్‌పోర్టుల్లో బాగానే నడిచింది. తర్వాత రైల్వే స్టేషన్లో అన్ని నంబర్లూ పలికాయి, సరే పదండి అని నాలుగడుగులు వేశామో లేదో, 9వ నంబర్ పిల్లాడు బాత్‌రూమ్ వైపు నుంచి బ్యాగ్ ఈడ్చుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. మరి 9 అన్నదెవరు? వాడి ఫ్రెండు! క్లాసులో ప్రాక్సీ చెప్పే అలవాటు అక్కడ కూడా పోలేదు. ఆ రోజు నుంచీ పద్ధతి మార్చాను. ఇద్దరిద్దర్ని జతలు చేసి, ఎవరి నంబర్ వాళ్ళు కాకుండా పక్కవాళ్ళ నంబర్ చెప్పమన్నాను, అది కూడా వాళ్ళ భుజం మీద చెయ్యి వేసి. లేని భుజం మీద చెయ్యెలా వేస్తారు?

వీసా కాగితాల పని పెద్దదే కానీ దాన్ని స్కూల్ ఆఫీసో ఏజెంటో చూసుకుంటారు. మీరు స్వయంగా చూడాల్సింది పాస్‌పోర్ట్ గడువు. షెంగెన్ దేశాలకైతే (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) అక్కడి నుంచి బయల్దేరే తేదీ తర్వాత కనీసం 3 నెలలు గడువు ఉండాలి. పిల్లల పాస్‌పోర్ట్ సాధారణంగా 5 ఏళ్ళకే ఇస్తారు కాబట్టి, చిన్నప్పుడెప్పుడో తీయించి బీరువాలో పెట్టినవాటికి గడువు దగ్గర పడే ఉంటుంది. తల్లిదండ్రులిద్దరి సంతకాలతో అనుమతి పత్రం కూడా తీసుకోండి, దాని కాపీ మీ చేతి సంచిలో ఉంచుకోండి. పవర్ బ్యాంకులు సూట్‌కేసులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి అని మూడుసార్లు చెప్పాను. అయినా ఇద్దరు సూట్‌కేసులోనే పెట్టారు. కౌంటర్ పక్కన నేల మీద బట్టలన్నీ పరిచి వెతికాం.

ఆరోగ్యం విషయంలో మాత్రం ఫారాన్ని నమ్మకండి. నాకు తగిలిన దెబ్బ అదే. ఒక అబ్బాయి ఫారంలో అలర్జీలు, జబ్బులు అన్నచోట "లేవు" అని రాసి ఉంది. అక్కడ పిల్లల్ని ఆ ఊరి కుటుంబాల ఇళ్ళల్లో ఉంచుతారు, వాణ్ని పెట్టిన ఇంట్లో రెండు పిల్లులున్నాయి. రెండో రాత్రి ఆయాసం మొదలైంది. ఆ ఇంటివాళ్ళు నాకు ఫోన్ చేసి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నేను వెళ్ళేసరికి బెడ్ మీద కూర్చుని మాస్క్‌తో గాలి పీలుస్తున్నాడు. నన్ను చూడగానే మాస్క్ పక్కకి లాగి "సారీ మేడమ్, ఇంట్లో చెప్పొద్దన్నారు" అన్నాడు. చిన్నప్పటి నుంచీ ఆస్తమా ఉందట. రాస్తే లిస్టులోంచి తీసేస్తారేమోనని వాళ్ళు భయపడ్డారు. నాకు కోపం రాలేదని చెప్పను. కానీ "రాసినంత మాత్రాన ఎవర్నీ తీసెయ్యం" అన్న ఒక్క మాట మేం ముందే చెప్పలేదు కదా. రెండోసారి తల్లిదండ్రులందర్నీ ఒక్కో కుటుంబంగా పిలిచి, తలుపు వేసి మాట్లాడాను. 14 ఫారాల్లో లేని విషయాలు నాలుగు బయటపడ్డాయి. మందులు వాటి అసలు ప్యాకింగ్‌లోనే, డాక్టర్ చీటీతో సహా తెచ్చుకోమనండి. విడి మాత్రలు డబ్బాలో పోసుకొస్తే అవేమిటో ఎవరికీ తెలియదు.

ఆ రాత్రి నేను ఆస్పత్రిలో ఉండగా మిగతా 13 మంది బాధ్యత రెండో టీచర్ చూసుకున్నారు. అందుకే ఒక్కరినే పంపిస్తామంటే మొహమాటం లేకుండా కుదరదనండి.

హోమ్‌స్టే అంటే సాయంత్రం నుంచి పొద్దున దాకా పిల్లలు మీ కళ్ళ ముందు ఉండరు. మొదటి మూడు రాత్రులు మీకు నిద్ర పట్టదు, వాళ్ళకీ పట్టదు. "బాగున్నావా" అని మెసేజ్ పెడితే అందరూ "బాగున్నా మేడమ్" అనే రాస్తారు. అందుకని రాత్రి 9 గంటలకి, ఆ రోజుకి పదికి ఎన్ని మార్కులు వేస్తారో పంపమన్నాను, అంకె ఒక్కటే. ఏడు, ఎనిమిది, తొమ్మిది వచ్చేవి. రెండోసారి వెళ్ళినప్పుడు ఒకమ్మాయి వరసగా రెండు రోజులు 4 పెట్టింది. ఫోన్ చేస్తే ముందు ఏమీ లేదంది, తర్వాత ఏడ్చింది. ఇంటి మీద బెంగ అనుకున్నాను. అసలు సంగతేంటంటే చలి. గదిలో హీటర్ ఉంది, దాన్ని ఎలా వెయ్యాలో తెలియలేదు, ఇంటావిడని అడగడానికి సిగ్గు. రెండు రాత్రులు స్వెట్టర్ మీద కోటు వేసుకుని పడుకుంది. ఫోటో పెట్టమన్నాను. గోడవారన తెల్లటి రేడియేటర్, దాని చివర గుండ్రటి నాబ్, మంచు పువ్వు గుర్తు దగ్గర ఉంది. "దాన్ని 3కి తిప్పు" అన్నాను. పది నిమిషాల తర్వాత 8 అని మెసేజ్ వచ్చింది.

అందుకే బయల్దేరే ముందు పిల్లలకి ఆ దేశం చరిత్ర మీద క్లాసు చెప్పడం కంటే, అడగడం ప్రాక్టీస్ చేయించండి. "నాకు చలిగా ఉంది", "ఇది నేను తినను", "స్నానం ఎప్పుడు చెయ్యొచ్చు?" ఇవి తడుముకోకుండా అనగలిగితే సగం టెన్షన్ తగ్గుతుంది.

నా తప్పు కూడా ఒకటి ఉంది. యూరప్‌లో మార్చి ఆఖరి ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు, అక్టోబర్ ఆఖరి ఆదివారం వెనక్కి. ఇది పుస్తకాల్లో చదివాను, పిల్లలకి చెప్పాను కూడా. సరిగ్గా ఆ మార్చి ఆదివారం పొద్దున బస్సు 8కి. నేను చేతి గడియారం చూసుకుని ఏడే కదా అని నింపాదిగా తల దువ్వుకుంటున్నాను. ఫోన్ మోగింది. "మేడమ్, అందరం బస్సులో ఉన్నాం, లెక్క కూడా చెప్పేశాం, మీరొక్కరే లేరు." పిల్లల ఫోన్లలో టైమ్ దానంతటదే మారిపోయింది. మిగిలిన ట్రిప్ అంతా లెక్క పలికించిన ప్రతిసారీ చివర్లో "15, మేడమ్?" అని ఎవరో ఒకరు అరిచేవారు.

ఇంక తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూప్. రోజుకి ఒకటే మెసేజ్, ఒకే టైమ్‌కి పెడతానని ముందే చెప్పండి. గ్రూప్ ఫోటో పెట్టే ముందు అందులోనూ తలలు లెక్కపెట్టండి. ఒకసారి 13 మంది ఉన్న ఫోటో పెట్టేశాను. కనపడని పిల్ల వాళ్ళమ్మ ఆరుసార్లు కాల్ చేశారు. ఆ ఫోటో తీసింది ఆ పిల్లే. అక్కడి స్కూల్ పిల్లలు ఉన్న ఫోటోలైతే వాళ్ళ అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకండి. యూరప్‌లో ఆ విషయంలో చట్టం గట్టిగా ఉంది.

ఒప్పుకోవచ్చా అంటే, ఇంట్లో మీరు లేకపోయినా 10 రోజులు గడుస్తుందంటే ఒప్పుకోండి. సంతకం పెట్టే ముందు మీ ప్రిన్సిపాల్‌ని మూడు అడగండి: రెండో టీచర్ ఎవరు, అర్జంటు ఖర్చు ఎవరి కార్డు మీద, అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఇక్కడ ఎత్తేదెవరు. నాలుగోది నాకెవరూ చెప్పలేదు. ఎక్స్ఛేంజ్ అన్నాక వాళ్ళు కూడా మన దగ్గరికి వస్తారు. మొదటిసారి మేం తిరిగొచ్చిన ఐదు నెలలకి వాళ్ళ పిల్లలు 14 మంది వచ్చారు. వారం ముందు మా తల్లిదండ్రుల్లో ఇద్దరు "ఇంట్లో చుట్టాలున్నారు, కుదరదు" అన్నారు. ఒక పిల్లని రెండో టీచర్ వాళ్ళింట్లో, ఇంకో పిల్లని మా ఇంట్లో పెట్టుకున్నాం. ఆ కుటుంబాల పేర్లు వెళ్ళే ముందే రాయించుకోండి.