రిలీజ్ కీ విషయంలో తొందర వద్దు

చి. సౌమ్యకు,

యాప్ ప్లే స్టోర్‌కి పంపుతున్నానన్నావు. కోడ్ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు, సైనింగ్ గురించి, అంటే యాప్ ఎవరిదో తెలిసేలా రహస్య కీతో దాని మీద డిజిటల్ సంతకం వేయడం గురించి మాత్రం చెప్తాను.

ఇన్నాళ్లూ ఆండ్రాయిడ్ స్టూడియోలో రన్ కొడితే ఫోన్లోకి ఎక్కినవన్నీ పరీక్షల కోసం ఉండే డీబగ్ కీతో సైన్ అయినవే. ఆ కీ ప్రతి మెషీన్‌లో దానంతటదే తయారవుతుంది, పాస్‌వర్డ్ మాత్రం అందరికీ 'ఆండ్రాయిడ్' అనే మాటే. అందుకే ప్లే స్టోర్ దాన్ని ఒప్పుకోదు. నీ బిల్డ్ (కోడ్ నుంచి తయారైన యాప్) ఉన్న ఫోన్లో పక్క సీటు వాళ్ల బిల్డ్ ఎక్కించబోతే 'అప్‌డేట్ ఇన్‌కంపాటిబుల్' అని మొరాయించేదీ అందుకే, కీలు వేరు కదా. పాతది తీసేస్తే ఎక్కుతుంది గానీ టెస్టర్ డేటా పోతుంది. టెస్టర్లకిచ్చే బిల్డులన్నీ ఒకే కీతో సైన్ చెయ్యి.

విడుదల చేసే యాప్‌కి వాడే రిలీజ్ కీని జావాతో వచ్చే కీటూల్ కమాండ్‌తో చేసుకో: రకం ఆర్‌ఎస్‌ఏ, సైజు 2048 బిట్లు. గడువు రోజుల్లో అడుగుతుంది, 10000 ఇచ్చెయ్. 2033 అక్టోబర్ 22 తర్వాత కూడా చెల్లే కీ కావాలన్నది ప్లే స్టోర్ నియమం.

2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌ని బండిల్‌గానే (గూగుల్ దాన్నుంచి ఫోన్లకి కావాల్సిన ఫైళ్లు తయారుచేసే ప్యాకేజీ) ఎక్కించాలి కాబట్టి ప్లే యాప్ సైనింగ్ తప్పదు. అంటే కీలు రెండు. నీ దగ్గరుండే రిలీజ్ కీ అప్‌లోడ్ కీ అవుతుంది. జనం ఫోన్లకి చేరే ఏపీకే (ఫోన్లో ఎక్కే యాప్ ఫైలు) మీద పడేది గూగుల్ దగ్గరుండే యాప్ సైనింగ్ కీ సంతకం.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. డీబగ్‌లో గూగుల్ లాగిన్ చక్కగా అవుతుంది, ప్లే స్టోర్ టెస్టింగ్ ట్రాక్‌లో (టెస్టర్లకి మాత్రమే ఇచ్చే చోటు) పెట్టగానే ఎర్రర్ 10 వస్తుంది. మ్యాప్ అయితే ఖాళీగా కనిపిస్తుంది. కోడ్‌లో వెతక్కు, తప్పు అక్కడ లేదు. గూగుల్ లాగిన్ కోసం ఫైర్‌బేస్ అనే గూగుల్ సేవలో నువ్వు నమోదు చేసింది నీ డీబగ్ కీ షా-1 (కీ సర్టిఫికెట్‌కి వేలిముద్ర లాంటి కోడ్), ఫోన్లో ఉన్నది గూగుల్ సంతకం. ప్లే కన్సోల్‌లో యాప్ సైనింగ్ పేజీకెళ్లి 'యాప్ సైనింగ్ కీ సర్టిఫికెట్' కింది షా-1 కాపీ చేసి ఫైర్‌బేస్‌లో జత చెయ్యి. మ్యాప్స్ ఏపీఐ కీకి ఆంక్షలు పెట్టి ఉంటే గూగుల్ క్లౌడ్‌లోనూ కలుపు. అదే పేజీలో అప్‌లోడ్ కీ షా-1 కూడా ఉంటుంది, కంగారులో అది కాపీ చేస్తే మళ్లీ మొదటికొస్తావు. ఇంటర్నల్ యాప్ షేరింగ్ లింకుతో పంపితే దాని సర్టిఫికెట్ ఇంకొకటి, అదీ చేర్చుకోవాలి. అనుమానమొస్తే ఏపీకే-సైనర్‌లో (ఏపీకేకి సంతకం వేసే, పరీక్షించే పరికరం) వెరిఫై కమాండ్‌కి 'ప్రింట్ సర్ట్స్' తగిలించు, ఆ ఏపీకే మీద ఎవరి సంతకముందో చూపిస్తుంది.

చేత్తో ఏపీకే సైన్ చేస్తే ముందు జిప్‌అలైన్ (ఏపీకే లోపలి డేటాని సరిగ్గా అమర్చే పరికరం), తర్వాతే ఏపీకే-సైనర్. తారుమారైతే సంతకం చెడిపోతుంది. జావాతో వచ్చే పాత పరికరం జార్‌సైనర్ వేసేది వీ1 అనే పాత తరహా సంతకమే. టార్గెట్ ఏపీఐ స్థాయి (యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ కోసం చేసిందో చెప్పే అంకె) 30 లేదా ఆపైన ఉన్న యాప్‌కి అదొక్కటే ఉంటే ఆండ్రాయిడ్ 11, ఆ తర్వాతి ఫోన్లు తీసుకోవు.

అప్‌లోడ్ కీ పోతే ప్లే కన్సోల్‌లో రీసెట్ అడగొచ్చు, అకౌంట్ ఓనరే అడగాలి. ప్లే స్టోర్‌తో సంబంధం లేకుండా నేరుగా పంచే ఏపీకేకి ఆ వెసులుబాటు లేదు. కీ పోయిందా, ఆ యాప్‌కి ఇక అప్‌డేట్ లేనట్టే, కొత్త ప్యాకేజీ పేరుతో మళ్లీ మొదలుపెట్టాలి. కీ ఉండే కీస్టోర్ ఫైలు రెండు చోట్ల దాచు. పాస్‌వర్డులు యాప్‌ని తయారుచేసే గ్రేడిల్ ఫైల్లో రాయకు, వేరే ప్రాపర్టీస్ ఫైల్లో పెట్టి, మొదటి కమిట్‌కి ముందే దాన్ని గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) చేర్చు.

ఆశీస్సులతో,
బాబాయ్