గ్లూకోజ్ కలిపిన ట్యూబ్‌లో పసుపు రంగు ఎందుకు రాలేదంటే

లాక్టోజ్ ఒక్కటే వేసిన ట్యూబ్‌లో ఓఎన్‌పీజీతో (లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ ఉంటే పసుపుగా మారే రసాయనం) పసుపు రంగు వచ్చింది, గ్లూకోజ్ కూడా కలిపిన దాంట్లో రాలేదు, కల్చర్ పాడైందా అని అడిగావు కదా తమ్ముడూ. టెన్షన్ పడకు, నీ ఈ.కోలై బ్యాక్టీరియా భేషుగ్గా ఉంది, ఆ ఎంజైమ్‌ను ఇంకా తయారుచేయలేదంతే.

ఆ ఎంజైమ్‌ను తయారుచేయించే లాక్ జన్యువుల ముందున్న ఆపరేటర్ అనే డీఎన్‌ఏ ముక్క మీద రిప్రెసర్ ప్రొటీన్ అడ్డంగా కూర్చుంటుంది. లాక్టోజ్ లోపలికి వెళ్తే అందులో కొంత అల్లోలాక్టోజ్‌గా మారి రిప్రెసర్‌ను పట్టుకుంటుంది, అది ఆపరేటర్‌ను వదిలేస్తుంది. చాలామంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు, తిరకాసంతా ఆ తర్వాతే. అడ్డు తొలగితే సరిపోదు, లాక్ ప్రమోటర్ (జన్యువును చదవడం మొదలయ్యే చోటు) బలహీనమైనది కాబట్టి సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న సంకేత అణువుతో కలిసిన సీఆర్‌పీ ప్రొటీన్ పక్కనే అతుక్కుని, జన్యువును చదివే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఎంజైమ్‌కు సాయం పట్టాలి. గ్లూకోజ్ ఉంటే సైక్లిక్ ఏఎంపీ తగ్గిపోతుంది, పైగా లాక్టోజ్‌ను లోపలికి తెచ్చే పర్మియేజ్ ప్రొటీన్‌కు కూడా గ్లూకోజ్ వాడకం అడ్డుపడుతుంది. ఎదురుగా దమ్ బిర్యానీ ఉంటే పొద్దుటి ఉప్మా ఎవరు ముడతారు చెప్పు!

ముందు గ్లూకోజ్, అది అయ్యాకే లాక్టోజ్: ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాక్ మోనో 1940ల్లో చూసిన రెండంచెల పెరుగుదల ఇదే. ఆయన, ఫ్రాన్స్వా జాకబ్ కలిసి 1961లో ఒపెరాన్ (ఒకే స్విచ్ కింద పనిచేసే జన్యువుల గుంపు) నమూనా ఇచ్చారు.

గ్లూకోజ్ కాస్త తక్కువ వేసి, కల్చర్‌ను షేకర్‌లోనే ఉంచి, అరగంటకోసారి ఒక మిల్లీలీటరు తీసి ఓఎన్‌పీజీతో చూడు. గ్లూకోజ్ అయిపోయాక పెరుగుదల కాసేపు ఆగి, ఆ తర్వాత పసుపు మొదలవుతుంది. తార్నాకలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు నేనూ తొందరపడి ట్యూబులన్నీ పారబోసి తిట్లు తిన్నాను. అన్నట్టు, టొలుయిన్ చుక్క వేయడం మర్చిపోకు, లేకపోతే ఓఎన్‌పీజీ కణాల్లోకి సరిగా వెళ్లదు.