బీఎస్సీ మ్యాథ్స్‌లో పేపర్లకు ఒకదానితో ఒకటి సంబంధం ఉందా? సెలవుల్లో ముందు ఏది చదవాలి?

మీరు రాసింది ఇదీ: బీఎస్సీ మొదటి సంవత్సరం అయిపోయింది. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, సాలిడ్ జామెట్రీ మంచి మార్కులతో పాసయ్యారు. వచ్చే సెమిస్టర్‌లో గ్రూప్స్, ఆ తర్వాత రియల్ అనాలసిస్, ఐదో సెమిస్టర్‌లో రింగ్స్, లీనియర్ ఆల్జీబ్రా. "దేని లెక్కలు దానివే, పేపర్‌కీ పేపర్‌కీ సంబంధం లేదు" అని సీనియర్లు అంటున్నారు. అది నిజమేనా, సెలవుల్లో ముందుగా ఏది పట్టుకోవాలి అని అడిగారు.

నిజం కాదు. నేనూ ఇదే వరుసలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో తెలుగు మీడియంలో చదివాను. ఎమ్మెస్సీ తర్వాత ఇప్పుడు డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్తున్నాను. ఈ పేపర్ల మధ్య సంబంధం చాలా గట్టిది. చిక్కల్లా ఎక్కడంటే, సెమిస్టర్ల వరుస ఒకటి, ఏది దేనిమీద ఆధారపడుతుందన్న వరుస ఇంకొకటి. మొదటి సెమిస్టర్‌లో వాడేసిన విషయానికి కారణం ఐదో సెమిస్టర్‌లో వస్తుంది. అప్పటికి మొదటిది మర్చిపోయి ఉంటాం.

క్లాసులో నేను మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంటర్ 2బిలో ఇంటిగ్రేషన్ చేసిన ప్రతిసారీ చివర "ప్లస్ సి" రాశారు కదా, ఎందుకు? స్థిరాంకానికి డెరివేటివ్ సున్నా కాబట్టి అంటారు అందరూ. అది సగం జవాబే. డెరివేటివ్ అంతటా సున్నా అయ్యే ఫంక్షన్ స్థిరాంకమే అయి తీరాలని ఎలా తెలుసు? ఇంకేదైనా వింత ఫంక్షన్ ఉంటే మనం రాసిన జవాబులన్నీ అసంపూర్ణమే కదా.

దీనికి కారణం లగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం (మీన్ వాల్యూ థీరమ్): రెండు బిందువుల దగ్గర ఫంక్షన్ విలువల తేడా, మధ్యలో ఎక్కడో ఒకచోట ఉన్న డెరివేటివ్‌ను ఆ బిందువుల దూరంతో గుణిస్తే వస్తుంది; డెరివేటివ్ అంతటా సున్నా అయితే ఆ తేడా కూడా సున్నాయే. ఇంటర్ 1బిలోనే ఉంది, కానీ అక్కడ నిరూపణ అడగరు. అది రోల్ సిద్ధాంతం నుంచి వస్తుంది. రోల్ సిద్ధాంతానికి, సంవృత అంతరం మీద అవిచ్ఛిన్న ప్రమేయం (కంటిన్యుయస్ ఫంక్షన్) తన గరిష్ఠ విలువను ఎక్కడో ఒకచోట అందుకుంటుందన్న మాట కావాలి. దానికి బొల్జానో-వయర్‌స్ట్రాస్ సిద్ధాంతం కావాలి: పరిబద్ధమైన ప్రతి అనుక్రమానికీ (సీక్వెన్స్‌కి) అభిసరించే ఉపానుక్రమం ఒకటి ఉంటుంది. దాని వెనక, పరిబద్ధమైన ఏకదిష్ట (మోనోటోన్) అనుక్రమం అభిసరిస్తుందన్న ఫలితం ఉంది. దాని వెనక వాస్తవ సంఖ్యల పూర్ణత్వ స్వీకృతం: ఎగువ బద్ధం ఉన్న ప్రతి శూన్యేతర సమితికీ కనిష్ఠ ఎగువ బద్ధం ఉంటుంది. రియల్ అనాలసిస్‌లో మొదటి వారం చెప్పే ఆ ఒక్క వాక్యమే ఇంటర్‌లో రాసిన "ప్లస్ సి"కి ఆధారం.

ఆ స్వీకృతం లేకపోతే ఏమవుతుందో కూడా చూడొచ్చు. అకరణీయ సంఖ్యలు మాత్రమే ఉన్నాయనుకోండి. ఎక్స్ వర్గం 2 కంటే తక్కువైతే విలువ 0, లేకపోతే 1 అని ఒక ఫంక్షన్ తీసుకోండి. రూట్ 2 అకరణీయం కాదు కాబట్టి, ఏ అకరణీయ సంఖ్య దగ్గర చూసినా దాని చుట్టూ కొంతమేర ఈ ఫంక్షన్ మారదు. అంటే డెరివేటివ్ అన్నిచోట్లా సున్నాయే. అయినా ఫంక్షన్‌కి రెండు విలువలున్నాయి! ఈ ఉదాహరణ బోర్డు మీద వేసినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చే మార్పు చూడటం నాకు చాలా ఇష్టం. సుప్రీమం (కనిష్ఠ ఎగువ బద్ధం), ఇన్ఫిమం (గరిష్ఠ దిగువ బద్ధం) ఎందుకు చదువుతున్నామో అప్పుడు అర్థమవుతుంది.

చరిత్రలో కూడా ఇది ఇలా తిరగేసే జరిగింది. న్యూటన్, లైబ్నిట్జ్ కాలిక్యులస్ తయారు చేసింది 17వ శతాబ్దంలో. డెడెకిండ్ అనే జర్మన్ గణితవేత్త 1858లో జ్యూరిక్‌లో కాలిక్యులస్ పాఠాలు చెప్తూ, పెరుగుతూ పోయే పరిబద్ధ రాశికి అవధి ఉంటుందని చెప్పడానికి బొమ్మ తప్ప సరైన ఆధారం లేదని గమనించి, వాస్తవ సంఖ్యలను నిర్మించాడు. దాన్ని 1872లో ప్రచురించాడు. పునాది దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత పడింది. కాబట్టి ఇంటర్‌లో లెక్కలు ముందు, డిగ్రీలో కారణాలు తర్వాత రావడం తప్పేమీ కాదు. కారణాలు వచ్చినప్పుడు అవి ఏ లెక్కలకు కారణాలో మనకు చెప్పకపోవడమే తప్పు.

ఇక మీరు ఇప్పుడే పాసైన డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ సంగతి. వై డబుల్ డాష్ + వై = ఎక్స్ అనే సమీకరణం తీసుకోండి. కాంప్లిమెంటరీ ఫంక్షన్ సి1 కాస్ ఎక్స్ + సి2 సైన్ ఎక్స్, పర్టిక్యులర్ ఇంటిగ్రల్ ఎక్స్, రెండూ కలిపితే జవాబు. ఎందుకు కలపాలి? స్థిరాంకాలు సరిగ్గా రెండే ఎందుకు?

ఎడమ వైపున్న దాన్ని ఒక లీనియర్ ట్రాన్స్‌ఫర్మేషన్‌గా చూడండి. ఫంక్షన్ ఇస్తే, దాని రెండో డెరివేటివ్‌కు అదే ఫంక్షన్‌ను కలిపి ఇస్తుంది. కాంప్లిమెంటరీ ఫంక్షన్ల సమితి దీని కెర్నెల్, అంటే ఇది సున్నాగా మార్చేసే ఫంక్షన్లన్నీ. ఏ రెండు జవాబుల మధ్య తేడా చూసినా కెర్నెల్‌లోనే ఉంటుంది, కాబట్టి ఒక్క జవాబు దొరికితే మిగతావన్నీ దానికి కెర్నెల్‌ను కలిపితే వస్తాయి. మూడో సెమిస్టర్‌లో కోసెట్ అని చదవబోయేది సరిగ్గా ఇదే. సీఎఫ్ ప్లస్ పీఐ అంటే ఒక కోసెట్. నార్మల్ సబ్‌గ్రూప్, రింగ్స్‌లో ఐడియల్, లీనియర్ ఆల్జీబ్రాలో సబ్‌స్పేస్, ఈ మూడు చోట్లా కెర్నెల్, క్వోషెంట్, ఐసోమార్ఫిజం సిద్ధాంతం అదే వరుసలో వస్తాయి. ఒకచోట శ్రద్ధగా నేర్చుకుంటే మిగతా రెండు చోట్లా పని సగానికి తగ్గుతుంది. రింగ్స్ కష్టమని వచ్చే పిల్లల్లో చాలామందికి అసలు కష్టం గ్రూప్స్‌లో కోసెట్ దగ్గర మొదలై ఉంటుంది.

కెర్నెల్ పరిమాణం (డైమెన్షన్) రెండే అని ఎలా తెలుసు? వై, వై డాష్ రెండూ 0 దగ్గర సున్నా అయితే ఆ జవాబు అంతటా సున్నాయే అని చూపిస్తే చాలు. వై వర్గం + వై డాష్ వర్గం అనే మొత్తాన్ని డిఫరెన్షియేట్ చేయండి. సమీకరణం వాడితే డెరివేటివ్ సున్నా వస్తుంది. డెరివేటివ్ సున్నా కాబట్టి అది స్థిరాంకం. 0 దగ్గర దాని విలువ సున్నా, కాబట్టి ఎక్కడైనా సున్నాయే. ఇక్కడ ఏం వాడామో చూశారా? పైన "ప్లస్ సి" కోసం కష్టపడి సంపాదించిన వాక్యాన్నే. మొదటి సెమిస్టర్ లెక్క ఒక్కదానికి మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లు అన్నీ కావాల్సి వచ్చాయి.

సాలిడ్ జామెట్రీ వృథా అనుకోకండి. శాంకవతల సమీకరణాల్లో ఎక్స్‌వై, వైజెడ్ లాంటి పదాలు పోయేలా అక్షాలు తిప్పడమంటే, ఒక సౌష్ఠవ మాత్రికను వికర్ణ రూపంలోకి తేవడమే. ఐగెన్ వెక్టర్లు వచ్చినప్పుడు ఆ బొమ్మలు గుర్తు తెచ్చుకోండి. గ్రూప్స్‌కి కూడా వేళ్లు ఇంటర్‌లోనే ఉన్నాయి. 2ఎలో డిమూవర్ సిద్ధాంతంతో రాసిన ఏకకపు ఎన్‌వ మూలాలు ఒక చక్రీయ సమూహం (సైక్లిక్ గ్రూప్). అదే పుస్తకంలోని సమీకరణ వాదం ఐదో ఘాత సమీకరణం దగ్గర ఆగిపోతే, ఏబెల్ 1824లో దానికి మూలాలతో (రాడికల్స్‌తో) రాసే సాధారణ సూత్రం ఉండదని నిరూపించాడు. ఏ సమీకరణానికి ఉంటుంది, దేనికి ఉండదు అన్నది తేల్చడానికే గాల్వా సమూహాలను ముందుకు తెచ్చాడు. 1832లో చనిపోయేనాటికి అతనికి ఇరవై ఏళ్లే.

సెలవుల్లో ఏం చేయాలి అన్నదానికి నా సలహా: కొత్త పేపర్ మొదలుపెట్టే ముందు ఒక వారం "ప్రతి", "ఏదో ఒక" అనే మాటలున్న వాక్యాలకు వ్యతిరేక వాక్యం (నెగేషన్) రాయడం సాధన చేయండి. అనుక్రమం అభిసరించడానికి నిర్వచనం రాసి, అభిసరించకపోవడం అంటే ఏమిటో "కాదు" అనే మాట లేకుండా రాయండి. తెలుగులోనే రాయండి, తర్వాత ఇంగ్లిష్‌లో. రియల్ అనాలసిస్‌లో ఫెయిలయ్యేవాళ్లలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే, ఎప్సిలాన్, డెల్టా గుర్తుల దగ్గర కాదు. ఆ తర్వాత అనుక్రమాలు మొదలుపెట్టి బొల్జానో-వయర్‌స్ట్రాస్ వరకు చదవండి. రీమన్ ఇంటిగ్రల్ జోలికి ఇప్పుడు వెళ్లొద్దు. దాంతో పాటు లీనియర్ ఆల్జీబ్రాలో వెక్టర్ స్పేస్, బేసిస్, డైమెన్షన్, కెర్నెల్ వరకు చూసుకోండి. అది ఐదో సెమిస్టర్‌లో ఉన్నా సరే ఆగకండి, దానికి కావాల్సినదంతా ఇంటర్ 1ఎ మాత్రికల్లో మీకు వచ్చేసింది. గ్రూప్స్ కాలేజీ తెరిచాక క్లాసుతో పాటే చదవొచ్చు. జామ్ (ఎమ్మెస్సీ కోసం ఐఐటీలు పెట్టే ప్రవేశ పరీక్ష) రాసే ఉద్దేశం ఉన్నా ఈ వరుసే పనికొస్తుంది, ఆ సిలబస్‌లో ఎక్కువ భాగం ఇవే. వచ్చే వేసవికి వీలైతే ఎంటీటీఎస్‌కి (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) అప్లై చేయండి. 1993లో ప్రొఫెసర్ కుమరేశన్ మొదలుపెట్టిన వేసవి శిక్షణ అది. మార్కుల కోసం కాకుండా ఆలోచించడం కోసం మ్యాథ్స్ నేర్పుతారు.

సెలవుల చివర్లో ఈ ఒక్క లెక్క చేయండి. ఎఫ్(ఎక్స్ + వై) = ఎఫ్(ఎక్స్) + ఎఫ్(వై) అయ్యే అవిచ్ఛిన్న ప్రమేయాలన్నీ ఏవి? ముందు పూర్ణాంకాలకు, తర్వాత అకరణీయ సంఖ్యలకు, ఆఖరున వాస్తవ సంఖ్యలకు చూపించండి. మొదటి రెండు మెట్లలో గ్రూప్ హోమోమార్ఫిజం, మూడో మెట్టులో అనాలసిస్ ఉంటాయి. అవిచ్ఛిన్నత అన్న షరతు తీసేస్తే వేరే జవాబులు కూడా ఉంటాయని హామెల్ 1905లో చూపించాడు, అదీ వాస్తవ సంఖ్యలను అకరణీయ సంఖ్యల మీద ఒక వెక్టర్ స్పేస్‌గా తీసుకుని, దానికి బేసిస్ ఉందన్న ఆధారంతో. మీ నిరూపణలో అవిచ్ఛిన్నత వాడిన లైన్ కింద గీత గీసి, కామెంట్‌లో పెట్టండి, చూసి చెప్తాను.