లైన్, కాలమ్, స్క్వేర్: పదాతిదళాన్ని నడిపే పద్ధతి

చిరంజీవి అబ్బాయికి,

నెపోలియన్ కాలపు యుద్ధాలను టేబుల్ మీద ఆడదామని ఫ్రెంచ్ పదాతిదళం బొమ్మలు కొన్నావని తెలిసి చాలా సంతోషించాను. లైన్, కాలమ్, స్క్వేర్ దగ్గర తికమకగా ఉందని రాశావు. అవి పట్టుబడితే ఆట సగం వచ్చినట్టే.

ముందు బొమ్మలను బేస్‌ల (కింద ఉండే చిన్న పలకల) మీద లెక్కగా అతికించు. 1808 సంస్కరణ తర్వాత ఫ్రెంచ్ బెటాలియన్‌కు ఆరు కంపెనీలు: నాలుగు ఫ్యుజిలియర్ (మామూలు సిపాయిలు), ఒకటి గ్రెనేడియర్ (ఏరిన సిపాయిలు), ఒకటి వోల్టిజర్ (ముందుండి చెదురుగా పోరాడేవాళ్లు). కంపెనీకి 140 మంది, అంటే కాగితం మీద 840. కంపెనీకొక బేస్, బేస్‌కు నాలుగు బొమ్మలు పెట్టు. ఆరూ పక్కపక్కన పేరిస్తే లైన్. రెండేసి చొప్పున ఒకదాని వెనక ఒకటి మూడు వరసలుగా పెడితే కాలమ్. ఏ వరసలో ఎన్ని తుపాకులు పేలతాయో అప్పుడు బట్టీ పట్టక్కర్లేదు, కంటికే కనబడుతుంది.

లైన్‌కు కాల్పుల బలం ఎక్కువ, నడక కష్టం. కాలమ్ చకచకా నడుస్తుంది, కానీ ముందున్నవాళ్లే కాల్చగలరు. ఫిరంగి గుండు తగిలితే వెనక వరసల దాకా దూసుకుపోతుంది. శత్రువుకు దూరంగా ఉన్నంతసేపూ కాలమ్‌లోనే నడిపించు.

నేను గట్టిగా చెప్పేది స్క్వేర్ గురించి. అంటే గుర్రాలు ఏ వైపు నుంచీ చొరబడకుండా బెటాలియన్ నాలుగు వైపులా బయటికి తిరిగి, తుపాకులకు బిగించిన కత్తులు చాచి చతురస్రంగా నిలబడటం. ప్రతి టర్న్ మొదట్లో నీ తుపాకుల దూరం కన్నా ముందు ఎదుటివాడి గుర్రాలు ఎంత దూరం రాగలవో కొలువు. అవి అందుకునేంత దగ్గరికొస్తే, కాల్చే అవకాశం పోయినా సరే, ఆ టర్న్‌లోనే స్క్వేర్ కట్టు. ఛార్జ్ మొదలయ్యాక హడావుడిగా కట్టే వీలు చాలా రూల్స్‌లో ఉంటుంది, కానీ దానికి పాచిక పడాలి. కొత్త సైనికులకు అది కష్టం. దాన్ని నమ్ముకోకు.

1811 మే 16న స్పెయిన్‌లోని అల్బుయేరాలో బ్రిటిష్ అధికారి కోల్బోర్న్ బ్రిగేడ్ లైన్‌లో నిలబడి కాలుస్తుంటే పెద్ద వాన కురిసింది. ఆ మసకలో ఫ్రెంచ్ పక్షాన ఉన్న పోలిష్ లాన్సర్లు (ఈటెల రౌతులు), ఫ్రెంచ్ హుస్సార్లు (తేలిక రౌతులు) పక్కనుంచి వచ్చి పడ్డారు. మూడు బెటాలియన్లు కొద్ది నిమిషాల్లోనే నాశనమయ్యాయి; చివరనున్న 31వ రెజిమెంట్ మాత్రం బయటపడింది. 1815 జూన్ 16న బెల్జియంలోని కాత్ర్ బ్రాలో బ్రిటిష్ 69వ రెజిమెంట్ కూడా లైన్‌లో ఉండగానే ఫ్రెంచ్ క్యూరాసియర్లకు (కవచం తొడిగిన రౌతులకు) దొరికి జెండా పోగొట్టుకుంది. రెండు రోజుల తర్వాత వాటర్లూలో స్క్వేర్లు కట్టుకున్న పదాతిదళం మీదికి ఫ్రెంచ్ సేనాని మార్షల్ నే (Ney) అశ్వికదళాన్ని పదే పదే తోలినా వాటిని విరగ్గొట్టలేకపోయాడు.

అలాగని స్క్వేర్‌లోనే కూర్చోకు. గుర్రాలను చూపించి నిన్ను స్క్వేర్‌లోకి నెట్టి, ఆ గుంపు మీద ఫిరంగులు పేల్చడం మంచి ఆటగాడు చేసే పని. అందుకే పదాతిదళం వెనక నీ అశ్వికదళాన్ని కొంత ఉంచుకో. ఎదుటివాడి గుర్రాలను తరిమితే నీవాళ్లు మళ్లీ లైన్ కట్టొచ్చు. స్క్వేర్ కూడా ఒక్కోసారి విరుగుతుంది. 1812లో స్పెయిన్‌లోని గార్సియా హెర్నాండెజ్ దగ్గర గుండు తగిలిన గుర్రం ఒకటి ఫ్రెంచ్ స్క్వేర్ మీదే కూలింది, ఆ సందులోంచి బ్రిటిష్ సైన్యంలోని జర్మన్ డ్రాగూన్లు (రౌతులు) లోపలికి దూరారు. ఆటలో నీకు అలా జరిగితే రూల్ అన్యాయమని వాదించకు.

మొదటి ఆటకు ఇరువైపులా రెండు బెటాలియన్లు, ఒక అశ్వికదళం, ఒక ఫిరంగి దళం చాలు.

ఆశీస్సులతో,
మీ బాబాయి