గాజువాకలో ఒక ఫలితం, మధురవాడలో ఇంకొకటి ఎందుకు? ఇన్‌కాగ్నిటో పెడితే సరిపోతుందా?

మీరు అడిగినవి రెండు సంగతులండీ. విశాఖలోనే గాజువాకలో మీ ఫోన్‌లో, మధురవాడలో మీ అక్కగారి ఫోన్‌లో గూగుల్‌లో "థైరాయిడ్ టెస్ట్" అని కొడితే వేర్వేరు ఫలితాలు రావడం ఒకటి. ఇన్‌కాగ్నిటోలో, అంటే బ్రౌజర్‌లోని ప్రైవేట్ విండోలో, వెతికినా మీది విశాఖ అని గూగుల్‌కి తెలిసిపోవడం, ఆ తర్వాత ల్యాబుల ప్రకటనలు వెంటపడడం రెండోది. ఒక బటన్ నొక్కితే రెండూ ఆగిపోతాయనుకుంటారు చాలామంది. ఆగవు. ఫలితాలు మారకుండా చేసే సెట్టింగ్ వేరు, మీరు వెతికినవాటి రికార్డు నిలవకుండా చేసేది వేరు.

ముందు ఫలితాల సంగతి. మీ ఇద్దరి మధ్య తేడా ఎక్కువగా లొకేషన్ వల్లే వస్తుంది. ల్యాబు, టిఫిన్ సెంటర్, కంటి ఆసుపత్రి లాంటి మాటలు కొడితే దగ్గరలో ఉన్నవాటినే ముందు చూపిస్తుంది. ఫలితాల పేజీ అట్టడుగుకి వెళ్లి చూడండి. ఊరి పేరు, దాని పక్కన అది ఎలా తెలిసిందో కూడా రాసి ఉంటుంది: మీ ఫోన్ నుంచా, ఐపీ అడ్రస్ (మీ ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు) నుంచా, పాత యాక్టివిటీ నుంచా అని. ఫోన్‌లో లొకేషన్ ఆపేసినా ఐపీ అడ్రస్ మిగిలే ఉంటుంది కాబట్టి, ఇన్‌కాగ్నిటోలో కూడా ఊరు తెలుస్తుంది. మొబైల్ డేటా మీద ఒక్కోసారి విశాఖలో కూర్చున్నవారికి హైదరాబాద్ అని చూపిస్తుంది. ఐపీని బట్టి కట్టే లెక్క అంత కచ్చితం కాదు. అలాంటప్పుడు అమీర్‌పేట ల్యాబులు వస్తే కంగారు పడక్కర్లేదు, అక్కడే లొకేషన్ అప్‌డేట్ చేస్తే సరి.

మీ పాత వెతుకులాటను బట్టి ఫలితాలు మారడం కూడా ఉంది, కానీ జనం అనుకునేంత కాదు. 1998లో మొదలైనప్పుడు గూగుల్ బలమంతా పేజ్‌ర్యాంక్‌దే: ఒక పేజీకి ఎవరెవరు లింకులిచ్చారన్నది చూసి వరస పెట్టడం. 2009 డిసెంబరులో లాగిన్ కానివారికి కూడా, బ్రౌజర్ కుకీతో (సైట్లు మిమ్మల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో ఉంచే చిన్న ఫైలుతో) 180 రోజుల వెతుకులాటను చూసి ఫలితాలు మార్చడం మొదలుపెట్టింది. ఆ తర్వాత దృష్టి మాటల అర్థం వైపు మళ్లింది. 2019 చివర్లో బెర్ట్ అనే మోడల్‌ని తెలుగుతో సహా 70కి పైగా భాషలకు తెచ్చారు. అయినా "విశాఖ వాతావరణం" అని తెలుగు లిపిలో కొట్టినదానికీ, అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినదానికీ ఫలితాలు ఒకేలా రావు. మీ ఇద్దరూ పోల్చేటప్పుడు ముందు లిపి ఒకటేనా అని చూసుకోండి.

సరిగ్గా పోల్చాలంటే ఇద్దరూ లాగౌట్ అయి, ఒకే సమయంలో, ఒకే లిపిలో, ఊరితో పనిలేని మాట కొట్టండి, "థైరాయిడ్ ఎందుకు పెరుగుతుంది" లాంటిది. లాగిన్‌లో ఉంటే పేజీ అడుగున "ట్రై వితౌట్ పర్సనలైజేషన్" అన్న లింకు కొన్నిసార్లు కనిపిస్తుంది. అది నొక్కితే మీ చరిత్ర పక్కన పెట్టి చూపిస్తుంది. కానీ గుర్తుంచుకోండి, అది చూపించే తీరునే మారుస్తుంది. రికార్డు మాత్రం అలాగే ఉంటుంది.

ఇక అసలు పట్టించుకోవాల్సింది ఆ రికార్డునే. 2006 ఆగస్టులో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ సంస్థ సుమారు 6,50,000 మంది మూడు నెలల వెతుకులాటను, దాదాపు 2 కోట్ల ప్రశ్నలను, పరిశోధకుల కోసమని బయట పెట్టింది. పేర్లు తీసేసి నంబర్లు ఇచ్చింది. అయినా విలేకరులు ఒకరిని గుర్తుపట్టేశారు. సొంత ఇంటిపేరు, సొంత పేట, సొంత జబ్బు, అన్నీ ఒకే నంబరు కింద ఉంటే పేరుతో పనేముంది? సీతమ్మధారలో ఫలానా వీధి, పిల్లల స్కూలు, కేజీహెచ్ ఆసుపత్రి ఓపీ వేళలు ఒకే ఖాతాలో వరసగా వెతికినా అంతే.

గూగుల్ అకౌంట్‌లో డేటా అండ్ ప్రైవసీ, అందులో వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ తెరవండి. ఆటో డిలీట్‌లో 3, 18, 36 నెలలు అని మూడు గడువులుంటాయి. 3 పెట్టండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు: 3 నెలలు దాటినదే పోతుంది, నిన్నటిది పోదు. ఇప్పటికే ఉన్నదంతా పోవాలంటే మై యాక్టివిటీలో డిలీట్ నొక్కి ఆల్ టైమ్ ఎంచుకోవాలి. అసలు రికార్డే ఉంచొద్దంటే ఆ యాక్టివిటీనే ఆపేయాలి. యూట్యూబ్ హిస్టరీ వేరే ఉంటుంది, దాన్ని విడిగా చూసుకోవాలి. ఆండ్రాయిడ్ 12, ఆపై ఫోన్లలో క్రోమ్‌కీ గూగుల్ యాప్‌కీ లొకేషన్ అనుమతిలో కచ్చితమైన లొకేషన్ తీసేస్తే, సుమారు 3 చదరపు కిలోమీటర్ల మేర మాత్రమే తెలుస్తుంది.

ఇంకొకటి. మొబైల్ షాపులో పెట్టిచ్చిన ఒకే జీమెయిల్ నాన్నగారి ఫోన్‌లో, పిల్లల ట్యాబ్‌లో, మీ ఫోన్‌లో ఉందేమో చూడండి. ఉంటే మీరు వెతికిన జబ్బు సంగతి వాళ్లకీ కనిపిస్తుంది. ఎవరి ఖాతా వారికి విడగొట్టడం మిగతా సెట్టింగులన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

ఇన్‌కాగ్నిటో ముఖ్యంగా చేసేది ఇదీ: విండో మూశాక ఆ ఫోన్‌లో హిస్టరీ, కుకీలు మిగలవు. అందులో లాగిన్ అయితే యాక్టివిటీ ఖాతాలో చేరుతుంది. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసు వైఫై చూసేవారికి మీరు ఏ సైటుకి వెళ్లారో తెలుస్తుంది. ఈ మోడ్ మీదే 2020లో అమెరికాలో గూగుల్‌పై కేసు వేశారు. 2024 ఒప్పందంలో పాత రికార్డులు తుడిచేయడానికి గూగుల్ ఒప్పుకుంది.

జబ్బులు, డబ్బు, కోర్టు గొడవల గురించి వెతకడానికి డక్‌డక్‌గో అనే సెర్చ్ ఇంజిన్ వాడండి. మీ వెతుకులాటను మీ పేరున నిల్వ ఉంచదు. ఫలితాలు ఎక్కువగా మైక్రోసాఫ్ట్ వారి బింగ్ నుంచే వస్తాయి కాబట్టి ద్వారకానగర్‌లో షాపు వెతకడానికి, తెలుగులో వెతకడానికి నా లెక్కలో గూగుల్ తర్వాతే. అయితే అక్కడినుంచి ల్యాబు సైటులోకి వెళ్లాక, ఆ సైటు పెట్టిన ట్రాకర్లు (మీరేం చూస్తున్నారో కనిపెట్టే కోడ్) తమ పని తాము చేస్తాయి. మీ వెంటపడే ప్రకటనల్లో కొన్ని అలా వచ్చినవే అయ్యుంటాయి. బ్రౌజర్ సెట్టింగుల్లో థర్డ్ పార్టీ కుకీలు (మీరు చూస్తున్న సైటువి కాక వేరేవాళ్లు పెట్టేవి) బ్లాక్ చేసి, ఆ సైటు "నోటిఫికేషన్లు పంపమంటారా" అంటే వద్దనండి.